రసెల్‌ను ఎవరూ మర్చిపోలేదు, ఆయనే అంగడికి రాలేదు

ఆస్ట్రేలియా చిత్రకారుడు జాన్ పీటర్ రసెల్ గురించి ఎక్కడ చదివినా మొదటి వాక్యంలో ఇంకెవరి పేరో ఉంటుంది. వాన్ గో స్నేహితుడు. మోనే పక్కన నిలబడి బొమ్మలు వేసినవాడు. మతీస్‌కి రంగుల సంగతి చెప్పినవాడు. శిల్పి రోదాన్‌కి ఆప్తుడు. పెళ్లిలో ఎవరినైనా పరిచయం చేస్తూ "ఈయన ఫలానా కలెక్టరు గారి తోడల్లుడు" అని ఆపేస్తారు చూడండి, అలాగన్నమాట. ఆ తోడల్లుడు గారు ఏం చేస్తారో ఎవరూ చెప్పరు.

ఇక రెండో వాక్యంలో తప్పకుండా "పాపం" వస్తుంది. పాపం, అంత గొప్పవాళ్ల మధ్య తిరిగి కూడా మరుగున పడిపోయాడు. పాపం, సొంత దేశమే గుర్తించలేదు. నేను సిడ్నీలో ఉంటున్నాను కాబట్టి ఈ మాట ఇక్కడివాళ్ల నోట చాలాసార్లు విన్నాను. మొదట్లో నేనూ తలూపాను. ఆయన జీవితం గురించి కాస్త చదివాక ఆ "పాపం" మీద చిరాకు మొదలైంది. రసెల్‌ను ఎవరూ తొక్కెయ్యలేదు. ఎవరూ తలుపు వెయ్యలేదు. ఆ తలుపు దాకా ఆయనే వెళ్లలేదు. ఎందుకంటే వెళ్లాల్సిన అవసరం ఆయనకి లేదు.

ముందు డబ్బు సంగతి చెప్పాలి. అది చెప్పకుండా రసెల్ కథ చెబితే సగం దాచినట్టే.

ఆయన 1858లో సిడ్నీలో పుట్టాడు. ఇనుప ఫౌండ్రీ నడిపే కుటుంబం. పి.ఎన్. రసెల్ అండ్ కంపెనీ అంటే ఆ రోజుల్లో వలస ప్రభుత్వానికి వంతెనల నుంచి యంత్రాల దాకా చేసిపెట్టిన సంస్థ. సిడ్నీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివిన మనవాళ్లకి ఈ పేరు తెలిసే ఉంటుంది. అక్కడ ఒక భవనం మీద ఉన్న పీటర్ నికోల్ రసెల్ పేరు మన చిత్రకారుడి బాబాయిదే. ఇంజనీరింగ్ చదువు కోసం ఆయన రెండు విడతల్లో లక్ష పౌండ్లు ఇచ్చాడు. ఆ బాబాయి పేరు రోజూ ఎంతమంది ఐడీ కార్డు వేసుకున్న కుర్రాళ్ల కళ్లబడుతుందో! ఆ అబ్బాయి పేరు అడిగితే మాత్రం పదిమందిలో తొమ్మిదిమంది ఫోన్ తీస్తారు.

కుర్రాడిని కూడా ఇంజనీరునే చేద్దామనుకున్నారు. ఇంగ్లండులో లింకన్ అనే ఊళ్లో యంత్రాల కంపెనీలో అప్రెంటిస్‌గా పెట్టారు. అతను బుద్ధిగా పని నేర్చుకున్నాడు కూడా. 1879లో తండ్రి పోయాడు, ఆస్తి చేతికొచ్చింది. ఆ తర్వాత ఇంజనీరింగ్ ఊసే లేదు. 1881లో లండన్‌లో స్లేడ్ ఆర్ట్ స్కూల్, అక్కణ్ణుంచి పారిస్‌లో కోర్మోన్ అనే చిత్రకారుడి స్టూడియో. మధ్యలో 1883లో టామ్ రాబర్ట్స్‌తో కలిసి స్పెయిన్‌లో కాలినడకన ప్రయాణం. ఈ రాబర్ట్స్ తర్వాత ఆస్ట్రేలియా చిత్రకళకి పెద్దదిక్కయ్యాడు. ఇంజనీరు అయ్యుంటే ఏమయ్యేవాడో చెప్పలేం కానీ, నెలనెలా చేతికి అందే ఆదాయం అతణ్ణి ఎవరి దయా అక్కర్లేని చిత్రకారుణ్ణి చేసింది. ఈ ఒక్క విషయం ఆ తర్వాతి దాదాపు యాభై ఏళ్లని నడిపించింది.

కోర్మోన్ స్టూడియోలోనే 1886లో వాన్ గో తగిలాడు. అప్పటికి వాన్ గో అంటే ఎవరికీ తెలియదు. తమ్ముడి ఇంట్లో ఉంటూ, తమ్ముడి డబ్బుతో రంగులు కొనుక్కుంటూ, ఎవరితోనూ పడని ముప్పై మూడేళ్ల మనిషి. రసెల్‌తో మాత్రం పడింది. ఆ ఏడాది రసెల్ వేసిన వాన్ గో బొమ్మ ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. ఒకసారి నెట్‌లో వెతికి చూడండి. చీకటి నేపథ్యం, భుజం మీదుగా ఇటు తిరిగిన ముఖం, ఎవరో పిలిస్తే చటుక్కున చూసినట్టు. ఎర్ర గడ్డం. ఆ చూపులో అనుమానమూ ఉంది, అభిమానమూ ఉంది. వాన్ గో తనకు తాను వేసుకున్న బొమ్మల్లో కనిపించే తుఫాను ఇందులో లేదు. కాస్త చిరాకుగా ఉన్న మామూలు మనిషి ఉన్నాడు. తల పైన ఎర్రటి అక్షరాలతో స్నేహపూర్వకంగా అని రాసిన మాటలు ఉండేవట. రంగు నల్లబడిపోయి ఇప్పుడు దాదాపు కనబడవు.

వాన్ గోకి ఆ బొమ్మ అంటే ప్రాణం. 1889లో, ఆస్పత్రిలో ఉండి కూడా, తమ్ముడు తియోకి రాసిన ఉత్తరంలో రసెల్ వేసిన తన బొమ్మని జాగ్రత్తగా చూసుకోమని చెప్పాడు.

వాళ్లిద్దరి మధ్య ఉత్తరాలు ఇంగ్లీషులో నడిచేవి. 1888 వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నుంచి వాన్ గో తన పెయింటింగుల నుంచి గీసిన 12 డ్రాయింగులు రసెల్‌కి పంపాడు. వాటిలో కొన్ని ఇప్పుడు న్యూయార్క్ గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ఉన్నాయి. ఇది చెప్పి అందరూ "ఎంత స్నేహం!" అంటారు. స్నేహం నిజమే. కానీ దాని వెనక ఒక లెక్క కూడా ఉంది. వాన్ గో ఆ రోజుల్లో తన స్నేహితుడైన చిత్రకారుడు గోగాఁ కోసం కొనేవాళ్లని వెతుకుతున్నాడు. రసెల్ దగ్గర డబ్బుంది, గోగాఁ బొమ్మ ఒకటి కొంటే బాగుంటుందని ఆశ. రసెల్ కొనలేదు. అప్పుడు సొంత ఇల్లు కట్టుకుంటున్నాడు. ఇల్లు కట్టేవాడి దగ్గర డబ్బు ఉంటుందా? ఈ బాధ మనవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నాకు ఇందులో ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. వాన్ గో కళ్లకి రసెల్ చిత్రకారుడూ, కొనగల మనిషీ, రెండూ. అమ్ముకోవాల్సిన అవసరం లేనివాణ్ణి అమ్ముకోవాల్సినవాళ్లు అలాగే చూస్తారు. ఆ గీత ఒకసారి పడ్డాక చెరగదు.

ఆ ఇల్లు ఫ్రాన్స్‌లో బ్రిటనీ తీరం దగ్గరి బెల్-ఈల్ అనే ద్వీపంలో, గుల్ఫార్ అనే చోట కట్టాడు. చిన్న ఇల్లు కాదు. ఊళ్లోవాళ్లు దాన్ని ఇంగ్లీషువాడి కోట అనేవాళ్లు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను. మొదటిసారి ఆ ద్వీపానికి వెళ్లింది 1886లో. ఆ సెప్టెంబరులోనే అక్కడ కొండరాళ్ల మీద ఈజిల్ పెట్టుకుని గాలికి ఎదురొడ్డి సముద్రాన్ని వేస్తున్న ఓ గడ్డం మనిషి కనిపించాడు. అది మోనే. ఎవరైనా పక్కన నిలబడి చూస్తే ఒప్పుకునే మనిషి కాదు. రసెల్‌ని మాత్రం చూడనిచ్చాడు, పక్కనే నిలబడి వెయ్యనిచ్చాడు. రసెల్‌కి అప్పుడు 28, మోనేకి 45.

ఆ తర్వాత ఇద్దరూ చేసినవి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. మోనే ఆ శరదృతువులో వేసిన బెల్-ఈల్ బొమ్మల్లో పదింటిని 1887లో పారిస్‌లో జార్జ్ పెతి గ్యాలరీలో గోడకెక్కించాడు. పత్రికల్లో రాశారు, కొనేవాళ్లు కొన్నారు, తర్వాతి బొమ్మల ధర పెరిగింది. మోనే సముద్రాన్ని ఎంత బాగా వేసేవాడో డీలర్లతో బేరం కూడా అంత బాగా చేసేవాడు. ఒక డీలరు మీద ఇంకో డీలరుని పోటీకి పెట్టి మరీ. రసెల్ ఏం చేశాడు? అక్కడే ఇల్లు కట్టుకుని, ఇరవై ఏళ్లు అదే సముద్రాన్ని వేసి, ఆ బొమ్మల్ని ఇంట్లో పెట్టుకున్నాడు. ప్రదర్శనలకి పంపింది చాలా తక్కువ.

ఇది త్యాగమా? కాదు. ప్రపంచం చేసిన అన్యాయమా? అసలు కాదు. పడవలు, బాక్సింగు, తోట, పిల్లలు, ఇంటికొచ్చే స్నేహితులు, వీటన్నిటి మధ్య బొమ్మలు. రంగులు బజారులో కొన్నవి నచ్చక సొంతంగా నూరుకునేవాడు. వందేళ్లయినా వెలిసిపోకూడదని పట్టుదల. అంటే రేపటి గురించి ఆలోచించని మనిషేం కాదు. బొమ్మ నిలవాలనుకున్నాడు. పేరు నిలవడానికి కావలసిన పని వేరే ఉంటుంది, దాని జోలికి మాత్రం వెళ్లలేదు.

వాన్ గో బొమ్మలూ బతికుండగా దాదాపు అమ్ముడుపోలేదు కదా, అయినా పేరొచ్చింది కదా, అని మీరనొచ్చు. ఇదే నా వాదనకి అసలు పరీక్ష. వాన్ గో 1890లో పోయాడు, ఆరు నెలలు తిరక్కుండానే తియో కూడా పోయాడు. మిగిలింది తియో భార్య జొహానా, ఒళ్లో పసిపిల్లాడు, ఇల్లంతా ఎవరికీ అక్కర్లేని బొమ్మలు. ఆమె ఏం చేసింది? ఏ బొమ్మ ఏ ఊరి ప్రదర్శనకి పంపాలి, ఏది అమ్మాలి, ఏది అమ్మకుండా అట్టిపెట్టుకోవాలి అన్నది ఏళ్ల తరబడి లెక్క రాసి మరీ చేసింది. 1914లో అన్నదమ్ముల ఉత్తరాలు అచ్చు వేయించింది. పిచ్చి మేధావి, బీద కళాకారుడు అనే కథ ఆ ఉత్తరాల్లోంచే లోకానికి తెలిసింది. అది గాల్లోంచి రాలేదు. ఒక ఆడమనిషి పాతికేళ్లు కూర్చుని చేసిన ఉద్యోగం అది.

అంటే పేదరికం వాన్ గోకి పేరు తేలేదు, ధనం రసెల్ పేరు చెరపనూ లేదు, నేరుగా. ధనం చేసిందల్లా ఆ ఉద్యోగం ఎవరూ చెయ్యక్కర్లేని పరిస్థితి కల్పించడం. డీలరు లేడు కాబట్టి డీలరు ఖాతా పుస్తకం లేదు. ప్రదర్శన లేదు కాబట్టి కేటలాగు లేదు, తిట్టే విమర్శకుడూ లేడు. కొన్నవాడు లేడు కాబట్టి తను కొన్నదాని విలువ పెంచుకోవడానికి ఊరంతా చెప్పుకునేవాడూ లేడు. కళాచరిత్ర రాసేవాళ్లు ఈ కాగితాల మీదే ఆధారపడతారు. కాగితం లేనివాణ్ణి వాళ్లు మాత్రం ఎక్కడ వెతుకుతారు?

ఇంక భార్య సంగతి. మరియన్నా మత్తియొక్కో ఇటలీ మనిషి, రోదాన్‌కి మోడల్‌గా నిలబడింది. రోదాన్ ఆమె తలని వెండిలో పోత పోశాడు, ఆ ముఖమే ఆయన చేసిన రోమన్ దేవత మినర్వా శిల్పాల్లోనూ కనిపిస్తుంది. 1888లో పెళ్లి. వరసగా కాన్పులు, పోయిన పిల్లలు కొందరు, ఏడాదంతా గాలి కొట్టే ద్వీపంలో కాపురం. రసెల్ గురించి రాసేవాళ్లంతా ఆమె అందం గురించి రెండు పేరాలు రాస్తారు, ఆ ఇల్లు ఎలా నడిపిందో ఒక్క ముక్క రాయరు. నాకు అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. జొహానాలాగా ఆమె చేతిలో కలం ఉంటే కథ ఎలా ఉండేదో.

1908లో ఆమె క్యాన్సర్‌తో పోయింది. ఆ దుఃఖంలో రసెల్ తన బొమ్మల్ని నాశనం చేశాడు. నూనెరంగులవీ నీటిరంగులవీ కలిపి దాదాపు 400 అంటారు. ఈ సంఘటనని చాలామంది ప్రేమకథలాగా చెబుతారు. నాకు ఒళ్లు మండుతుంది. బొమ్మలు అమ్ముకుని ఉంటే ఆ 400లో సగమైనా ఊళ్లమీద ఎవరెవరి గోడల మీదో ఉండేవి, ఆయన దుఃఖానికి అందేవి కావు. అన్నీ ఇంట్లోనే ఉన్నాయి కాబట్టి అన్నీ పోయాయి. అంగడికి మనం ఎన్ని శాపనార్థాలు పెట్టినా, అది బొమ్మని దాని సొంతదారు కోపం నుంచి కాపాడే పని కూడా చేస్తుంది.

ఈ నష్టం పేరుకే కాదు, బొమ్మలకీ జరిగిందని నా అనుమానం. రసెల్ బొమ్మలన్నీ ఒక స్థాయిలో ఉండవు. కొన్ని చిత్రాలు, ముఖ్యంగా పూలతోటల్లో నిలబెట్టిన కుటుంబ సభ్యుల బొమ్మలు, తియ్యటి మెరుపుతో ఆగిపోతాయి. "ఇది నువ్వు కిందటేడు వేసినదే కదయ్యా" అని మొహం మీద చెప్పే డీలరు గానీ, వెక్కిరించే విమర్శకుడు గానీ ఉంటే వాటిలో కొన్ని ఇంకోలా ఉండేవి. స్నేహితులు అలా చెప్పరు. రోదాన్ అయితే ఏదో ఒకనాడు నిన్ను మోనే, రెన్వార్, వాన్ గోల సరసన నిలబెడతారని ఉత్తరం రాశాడు. ప్రేమతో రాసిన మాట. జోస్యం ఇప్పటికైతే ఫలించలేదు.

అయితే విమర్శకుల అవసరం లేకుండానే ఆయన ఇతరులకి విమర్శకుడయ్యాడు, అదొక తమాషా. 1896, 97 వేసవుల్లో బెల్-ఈల్‌కి వచ్చిన కుర్ర మతీస్ అప్పటికి మట్టిరంగుల్లో, బూడిదరంగుల్లో ములిగి ఉన్నాడు. రసెల్ అతనికి మోనే పద్ధతి వివరించాడు, వాన్ గో డ్రాయింగు ఒకటి తీసి ఇచ్చేశాడు కూడా. మతీస్ రంగులు అక్కణ్ణుంచి తేటపడ్డాయి. ఆ రుణం మతీస్ తర్వాత తనే చెప్పుకున్నాడు. అంతకుముందే మెల్‌బోర్న్‌లోని టామ్ రాబర్ట్స్‌కి రసెల్ ఉత్తరాల్లో మోనే లాంటి ఇంప్రెషనిస్టు చిత్రకారుల రంగుల గురించి పాఠాలు రాసేవాడు. ఇంతమందికి దారి చూపినవాడు ఆ దారిలో తన దుకాణం మాత్రం తెరవలేదు.

ఇప్పుడు ఆ ఇంగ్లీషువాడి కోట దగ్గరికి వద్దాం. ఇరవై ఏళ్లు ఉన్నా ఆ ద్వీపంవాళ్లకి ఆయన ఇంగ్లీషువాడే. ఇక్కడ ఆస్ట్రేలియాలో చూడబోతే, 1889లో రాబర్ట్స్, స్ట్రీటన్, కాండర్ మెల్‌బోర్న్‌లో సిగార్ పెట్టెల మూతల మీద వేసిన బొమ్మలతో ప్రదర్శన పెట్టారు. తొమ్మిదంగుళాలకు ఐదంగుళాలు. అక్కడి నుంచే ఆస్ట్రేలియా చిత్రకళ చరిత్ర మొదలుపెడతారు. ఆ చరిత్రకి కావలసింది యూకలిప్టస్ చెట్టు, ఎండిన గడ్డి, గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు. కొత్త దేశం తన ముఖం తాను చూసుకోవాలని తహతహలాడుతున్న కాలం. అందులో ఫ్రెంచి సముద్రాన్ని వేసినవాడికి చోటెక్కడిది? అక్కడివాళ్లకి పరాయివాడు, ఇక్కడివాళ్లకి పరాయి సముద్రం వేసినవాడు. బయటికొచ్చి స్థిరపడ్డ మాలాంటివాళ్లకి ఈ ముడి బాగానే తెలుసు. అమెరికాలోనో ఇక్కడో ఉండి రాసే తెలుగు కథకుల్ని రెండు వైపులా ఏ అరలో పెట్టాలో తెలియక డయాస్పొరా అని వేరే అర చేశారు. రసెల్‌కి ఆ అర కూడా దొరకలేదు.

అయినా దీన్నీ అన్యాయం అనను. దేశాలు తమ గురించి వేసిన బొమ్మల్నే ముందు పట్టించుకుంటాయి. ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది?

1909 తర్వాత ద్వీపం వదిలేశాడు. 1912లో కూతురి స్నేహితురాలైన ఒక అమెరికన్ గాయనిని పెళ్లి చేసుకున్నాడు, ఇటలీలో, ఫ్రాన్స్‌లో తిరిగాడు, 1920ల మొదట్లో సిడ్నీ వచ్చేశాడు. కొడుకు కోసం కొన్నాళ్లు న్యూజిలాండ్‌లో నారింజ తోటల గొడవ. చివరికి వాట్సన్స్ బేలో ఒక జాలరి ఇల్లు కొనుక్కుని, పడవ పెట్టుకుని, హార్బర్‌ని నీటిరంగుల్లో వేసుకుంటూ బతికాడు. అప్పుడైనా తన దగ్గరున్న బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టుంటే సిడ్నీ కళ్లు తేలేసేది. పెట్టలేదు. డెబ్బై ఒకటో ఏట, 1930 ఏప్రిల్‌లో, బరువైన రాళ్లు ఎత్తుతూ గుండె ఆగి పోయాడు.

ఆ తర్వాత జరిగింది నా వాదనకి సాక్ష్యం. బంధువైన చిత్రకారిణి థియా ప్రాక్టర్ పట్టుబట్టి ఆయన గురించి నలుగురికీ చెప్పడం మొదలుపెట్టింది. కూతురు, గాయని జాన్ జూవ్, తన దగ్గరున్న బొమ్మల్ని ఫ్రాన్స్ మ్యూజియంలకి ఇచ్చింది. అవే మరియన్నా గుల్ఫార్ తోటలో పూల మధ్య ఉన్న 1907 నాటి బొమ్మలాంటివాటిని జనానికి చూపించాయి. 2018లో ఇక్కడి ఆర్ట్ గ్యాలరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్ పెద్ద ప్రదర్శన పెట్టింది. ఎవరో ఒకరు పని చేసిన మేరకు పేరు వచ్చింది, చెయ్యని చోట రాలేదు.

సిడ్నీలో ఉన్నవాళ్లు, మీ ఊరి నుంచి అత్తామామలు వస్తే ఒపెరా హౌస్ చూపించాక ఎలాగూ పార్కులోంచి నడిపిస్తారు కదా, ఆ గ్యాలరీ పక్కనే ఉంది, సాధారణ ప్రవేశానికి టికెట్ లేదు. ఈ రసెల్ బొమ్మలు ఆ రోజు గోడ మీద ఉన్నాయో లేదో అక్కడ డెస్క్‌లో అడగండి. చిత్రకారుడు సిస్లీ గారి భార్య నది ఒడ్డున ఉన్న 1887 బొమ్మ బాగానే ఉంటుంది, కానీ అది మోనే ప్రభావంలో ఉన్న కుర్రవాడి పని. అడగాల్సింది బెల్-ఈల్‌లో మోరెస్టిల్ దగ్గరి పోటు సముద్రం బొమ్మ గురించి. 1900 ప్రాంతంలో వేసింది. దూరం నుంచి చూస్తే రాళ్ల మీద విరుచుకుపడుతున్న అల. దగ్గరికెళితే ఆ నురుగులో తెలుపు తక్కువ. ఊదా, లేత ఆకుపచ్చ, నీలం దెబ్బ మీద దెబ్బగా పడి ఉంటాయి, కుంచె ఎటు తిరిగిందో తెలిసిపోతుంది. ఇది మోనే వెయ్యగలిగింది కాదు. మోనే రెండున్నర నెలలు ఉండి వెళ్లిపోయాడు. ఈ అల ఏ రాయికి తగిలి ఎటు చీలుతుందో పడవ నడిపి నడిపి తెలుసుకున్నవాడు వేసింది ఇది.

ఇంకో బొమ్మ కూడా అడగండి. పోలీత్ అనే ముసలి జాలరిది. మోనే 1886లో ద్వీపంలో ఉన్నప్పుడు సామాన్లు మోసింది ఈ పోలీతే. అతణ్ణి మోనే కూడా వేశాడు, అది పారిస్‌లో మార్మొత్తాన్ మ్యూజియంలో ఉంది. రసెల్ 1900లో వేశాడు. మోనేకి అతను సామాను మోసే మనిషి. రసెల్‌కి పద్నాలుగేళ్లుగా ఎరిగున్న స్నేహితుడు, బొమ్మ పేరులోనే ఆ మాట ఉంది. రెండు ఫొటోలూ ఫోన్‌లో పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎవరి స్నేహితుడు ఎవరని చెప్పుకోవాలో అప్పుడు మాట్లాడుకుందాం.